అన్నని డీ అడిక్షన్ సెంటర్‌లో వేయాలా, ఆసుపత్రికి తీసుకెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి

నల్గొండ చెల్లెలు:
అందరికీ నమస్కారం. మా అన్నకి 41 ఏళ్లు, సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. పన్నెండేళ్లుగా తాగుతున్నాడు కానీ ఈ రెండేళ్లలో పొద్దున లేవగానే క్వార్టర్ పడితే తప్ప చెయ్యి నిలవట్లేదు, చెక్కు మీద సంతకం పెట్టాలన్నా వణుకే. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేయించాం, ఆ 41 రోజులూ ముట్టకుండా ఉంటే అలవాటు దానంతటదే పోతుందనుకున్నాం. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి, మూడో రోజు గోడ మీద పాములు పాకుతున్నాయని అరుపులు. టౌన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్తే ఐదు రోజులు ఉంచి పంపారు, ఇంటికొచ్చిన వారానికే మళ్లీ మొదలుపెట్టాడు. లివర్ కూడా కొంచెం దెబ్బతిందన్నారు.
ఇప్పుడు తెలిసినాయన ఒక సెంటర్ గురించి చెప్పాడు. రాత్రిపూట వాళ్లే బండిలో నలుగురు మనుషులతో వచ్చి తీసుకెళ్తారట, మూడు నెలలు ఉంచాలి, నెలకి 15 వేలు, మొదటి నెల మనల్ని చూడనివ్వరు, ఫోన్ కూడా ఇవ్వరు. వదిన సరే అంటోంది, అమ్మ ఏడుస్తోంది. మొన్న పొద్దున తాగకముందే అన్న నాతో "మానాలని ఉంది చెల్లీ, నా వల్ల కావట్లేదు" అన్నాడు. ఇంకేం దారులున్నాయో చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గుంటూరు అక్క:
చెల్లెమ్మా, ముందు ఆ బండిని పిలవకండి. నేను మా ఆయన్ని అలాగే పంపాను కాబట్టి చెప్తున్నా. 2016లో, అచ్చం ఇలాగే, రాత్రి పదకొండింటికి వచ్చి లాక్కెళ్లారు. అక్కడ డాక్టర్ వారానికోసారి వస్తాడని మాకు తర్వాత తెలిసింది. రెండో రోజు ఫిట్స్ వచ్చి బాత్‌రూమ్‌లో పడి భుజం ఎముక విరిగితే మాకు నాలుగు రోజులకి చెప్పారు. రెండు నెలలు ఉండి వచ్చాడు, బాగా సన్నబడ్డాడు, నాతో ఒక్క మాట మాట్లాడలేదు, తొమ్మిదో రోజు తాగొచ్చి "నన్ను దొంగలా పట్టించావు కదా" అన్నాడు. ఆ మాట మా ఇంట్లోంచి పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.
రెండోసారి ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో 12 రోజులు ఉంచాం, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఓపీకి తిప్పాను, మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి. ఆయన్ని నిలబెట్టింది ఆ తిరగడమే. ఒంట్లోంచి మందు దించడం ఒక పని, మళ్లీ ఎక్కకుండా చూసుకోవడం ఇంకో పని. మొదటిది వారం, పది రోజుల్లో అయిపోతుంది. రెండోదాని గురించి ఏ సెంటర్ వాళ్లూ మనకి సరిగ్గా చెప్పరు, మనమూ అడగం.
మీ అన్న తన నోటితో మానాలని ఉందన్నాడు. అలా అన్న మనిషిని రాత్రిపూట కట్టేసి తీసుకెళ్లడమెందుకు?

వార్డు నర్సు:
నేను 14 ఏళ్లుగా సైకియాట్రీ వార్డులో పనిచేస్తున్నాను. అక్క చెప్పింది నిజం. అందరికీ వర్తించే మాట ఒకటి ముందు చెప్తా, రోజూ పొద్దున్నే తాగే మనిషి చేత ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి, మాల పేరుతోనైనా, ఒట్టు పెట్టించుకునైనా. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపే వస్తాయి. పాములు, పురుగులు కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం, ఇవి సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో. మీరు రాసింది సరిగ్గా ఆ వరసే అమ్మా. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకి మరోసారి ఆపినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని మీ అన్నకి ఈసారి ఆసుపత్రిలో చేర్చి, దగ్గర మనుషులుండి మాన్పించాల్సిందే.
వార్డులో ఏం చేస్తామంటే, లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో ఆపేస్తాం. లివర్ దెబ్బతిన్నవాళ్లకి లోరాజెపామ్ వైపు మొగ్గుతారు డాక్టర్లు. దాంతోపాటు బీ1 విటమిన్, అంటే థయామిన్ ఇంజెక్షన్. దీని గురించి గట్టిగా చెప్పాలి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసంగా ఉన్నాడని ముందు గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగి, సరిగ్గా తినని మనిషికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, నడక తూలడం, చూపు చెదరడం, జ్ఞాపకం పోవడం, కొందరికి అది జీవితాంతం తిరిగి రాదు. అలాంటి వాళ్లని నేను చూశాను, భార్య పేరు చెప్తాడు కానీ పొద్దున అన్నం తిన్నాడో లేదో చెప్పలేడు.

నల్గొండ చెల్లెలు:
సిస్టర్ గారూ, అక్కా, చాలా థాంక్స్. మరి అన్ని సెంటర్లూ అలాంటివేనా? ఎలా తెలుస్తుంది? బలవంతంగా చేర్చడం చట్టప్రకారం తప్పా?

గుంటూరు అక్క:
అన్నీ కాదమ్మా. సైకియాట్రిస్ట్ రోజూ వచ్చి, రాత్రి నర్సు ఉండే మంచి సెంటర్లు ఉన్నాయి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా వెళ్లి చూడండి. రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో అడగండి, జవాబు తడబడితే అక్కడే తెలిసిపోతుంది. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద అది ఉండాల్సిందే, ఆ చట్టంలో మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. లోపల ఉన్నవాళ్లతో ఇంట్లోవాళ్లని మాట్లాడనిస్తారా, డిశ్చార్జ్ అయ్యాక ఎన్నాళ్లు చూస్తారు, ఇవీ అడగండి. మనిషిని చూడకుండానే "మూడు నెలల ప్యాకేజీ" అన్నచోట నేనైతే లేచి వచ్చేస్తాను.

వార్డు నర్సు:
చట్టం సంగతి నేను చెప్తాను. తనంతట తాను వచ్చి చేరితే అది మామూలు అడ్మిషన్, వెళ్తానంటే వెళ్లొచ్చు. మనిషి ఒప్పుకోకపోయినా చేర్చడానికి 89వ సెక్షన్ ఉంది కానీ దానికి షరతులున్నాయి. తనకో, ఇతరులకో హాని చేసేలా ఉండాలి, లేదా తనని తాను చూసుకోలేని స్థితిలో ఉండాలి. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్. మొదట 30 రోజులకి మించకూడదు. ఆ సమాచారం ఈ చట్టం కింద ఏర్పాటైన మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి 7 రోజుల్లో వెళ్లాలి, ఆడవాళ్లయితే 3 రోజుల్లోనే. గొలుసులతో కట్టేయడం ఆ చట్టంలో పూర్తిగా నిషేధం. నలుగురు బండిలో వచ్చి తీసుకెళ్లడమన్నది అందులో ఎక్కడా లేదు.

హైదరాబాద్ అన్న:
నేను తాగి మానినవాణ్ణి, ఆరేళ్లు దాటింది. చెల్లీ, మీ అన్న వైపు నుంచి చెప్తా. వార్డులోంచి బయటికి రాగానే ఒంట్లో బాగానే ఉంటుంది, నిద్ర పడుతుంది, ఆకలేస్తుంది, అప్పుడే మనసు "ఒక్కటే, ఈ ఒక్కరోజే" అని మొదలుపెడుతుంది. నాకు మూడో వారం మహా కష్టంగా గడిచింది. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి కాళ్లు వాటంతటవే షాపు వైపు తిరిగేవి. నాకు నాల్ట్రెక్సోన్ రాశారు, రోజుకి 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, తాగాలన్న లాగుడు తగ్గింది, మాయమైపోలేదు. వార్డులో నా పక్క బెడ్ ఆయనకి అకాంప్రోసేట్ ఇచ్చారు, రోజుకి మూడుసార్లు, పూటకి రెండు మాత్రలు, అది లివర్‌కి భారం కాదు కానీ కిడ్నీలు చూసి ఇస్తారట. లివర్ బాగా చెడినవాళ్లకి బాక్లోఫెన్ కూడా వాడతారు. మీ అన్న లివర్ రిపోర్టు చూసి ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు ఇవి.
మాత్రలతో పాటు నన్ను నిలబెట్టింది ఏఏ మీటింగులు. ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడుకునే గ్రూపులున్నాయి. మొదటి రోజు వెనక కుర్చీలో కూర్చున్నా, ఒక ఆటో డ్రైవర్ లేచి తన సంగతి చెప్తుంటే అది నా కథే. వదినగారి లాంటి వాళ్లకి అల్ అనాన్ అని వేరే ఉంది, ఇంట్లోవాళ్ల కోసం. ఆవిడా పన్నెండేళ్లు నలిగిపోయి ఉంటారు, ఆ బండికి సరే అన్నారంటే కోపంతో కాదు, ఇక ఓపిక లేక.

నల్గొండ చెల్లెలు:
అన్నా, ఆ చివరి మాట వదినకి చదివి వినిపించాను, చాలాసేపు ఏడ్చింది. ఆవిడే ఒకటి అడగమంది. కూరలో తెలియకుండా కలిపే మాత్ర ఉంటుందట కదా, తాగితే వాంతులొస్తాయట, వాళ్ల అక్కవాళ్ల ఊళ్లో ఎవరో వాడారట. అది పెట్టొచ్చా?

వార్డు నర్సు:
వద్దమ్మా, దయచేసి వద్దు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. మంచి మందే, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాక మొదలుపెట్టాలి. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ వచ్చి, బీపీ పడిపోతుంది, గుండె జబ్బున్న మనిషైతే చనిపోవచ్చు కూడా. మాత్ర ఆపాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు మందు తాగినా రియాక్షన్ వస్తుంది. లివర్ దెబ్బతిన్నవాళ్లకి అసలే జాగ్రత్త. ఏమీ తెలియని మనిషికి కూరలో కలిపితే రోజులాగే వెళ్లి తాగుతాడు, ఆ తర్వాత ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆకు పసర్లు, చుక్కల మందు అని అమ్మేవాటిలో ఏముందో ఎవరికీ తెలియదు, వాటి జోలికి కూడా వెళ్లొద్దు.

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అత్తమ్మ మందు తాగదు, రోజూ కల్లు మాత్రం తాగుతుంది. ఊరెళ్లి రెండ్రోజులు దొరక్కపోతే చేతులు వంకర్లు పోతాయి, ఏదేదో మాట్లాడుతుంది. ఇదీ అదేనా?

వార్డు నర్సు:
అదే, కానీ కారణం కల్లు ఒక్కటే కాకపోవచ్చు. మన దగ్గర చాలాచోట్ల కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, ఆగిపోతే ఫిట్స్, పిచ్చి మాటలు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి వాళ్లు వరుసపెట్టి వచ్చారు. అత్తమ్మని కూడా డాక్టర్‌కి చూపించండి, కల్లు అని స్పష్టంగా చెప్పండి, దాచొద్దు.

విజయవాడ నుంచి ఒక నాన్న:
మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, గంజాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులకి చెప్తారా, కేసు అవుతుందా?

వార్డు నర్సు:
చికిత్స కోసం రావడం నేరం కాదండీ, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ 2017 చట్టంలోనే ఉంది. తక్కువ మొత్తంతో పట్టుబడి కేసు అయినవాళ్లు కూడా తమంతట తాము చికిత్సకి వస్తే మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తు పదార్థాల చట్టంలో ఉంది. గంజాయికి ప్రత్యేకంగా మాత్ర లేదు, కౌన్సెలింగే అసలు చికిత్స. అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. అబ్బాయిని కొట్టకండి, మాట్లాడుతూ ఉండండి.

నల్గొండ చెల్లెలు:
మాకు ఖర్చు కూడా చూసుకోవాలి. ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? ఎక్కడికి వెళ్లమంటారు?

గుంటూరు అక్క:
పాలసీ కాగితం తీసి చదవండి, చాలా పాలసీల్లో మద్యం, డ్రగ్స్ అలవాటుకి చేసే చికిత్సని మినహాయింపుల్లో పెట్టారు. మాకూ రాలేదు. అందుకే ప్రభుత్వ ఆసుపత్రి అంటున్నా. మీకు హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది, ఇటువైపు వాళ్లకి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. ఎర్రగడ్డ అనగానే జనం ఏమనుకుంటారో అని మేమూ జంకాం, ఆ జంకుతోనే రెండేళ్లు పోగొట్టుకున్నాం. కేంద్ర ప్రభుత్వ సాయంతో సంస్థలు నడిపే ఐఆర్‌సీఏలు, అంటే మత్తు అలవాటు మాన్పించే పునరావాస కేంద్రాలు కూడా ఉంటాయి. మత్తు అలవాటు మాన్పించడానికి ఉన్న హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏముందో చెప్తారు, డబ్బులు పడవు. రాత్రిపూట దిగులేస్తే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.

వార్డు నర్సు:
2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందికి ఒక్కరు. మీ అన్న తనే అడుగుతున్నాడు, ఈ అవకాశం వదులుకోకండి.

నల్గొండ చెల్లెలు:
అన్నతో నిన్న మాట్లాడాను. సెంటర్ మాట ఎత్తలేదు, ఆసుపత్రి అన్నాను, "నువ్వు పక్కనే ఉంటావా" అని అడిగాడు. సోమవారం పొద్దున ఎర్రగడ్డకి బయల్దేరుతున్నాం, వదిన, నేను. ఆదివారం నుంచే తాగకుండా ఆపమని చెప్పాలా? ఏమేం తీసుకెళ్లాలి?

వార్డు నర్సు:
ఆపమనకండి. ఎప్పటిలాగే ఉండనివ్వండి, ఎక్కువ తాగకుండా మాత్రం చూసుకోండి. దారిలో వణుకు ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా హైదరాబాద్ దాకా ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీలోకి వెళ్లిపోండి. పాత డిశ్చార్జ్ కాగితాలు, లివర్ రిపోర్టు, వాడుతున్న మాత్రలన్నీ, ఆధార్, రెండు జతల బట్టలు పెట్టుకోండి. చివరిసారి ఎన్నింటికి, ఎంత తాగాడో చీటీ మీద రాసుకోండి, డాక్టర్ మొదట అదే అడుగుతారు. ఓపీ చీటీ రాయించేటప్పుడే పోయినసారి ఫిట్స్ వచ్చాయని, పాములు కనిపించాయని చెప్పండి, మీ వంతు వచ్చేదాకా చూడొద్దు.