అప్‌డేట్: మందు ముట్టకుండానే గట్టెక్కాను

"మందు తాగను, చేప తినను. టోక్యోలో ఆఫీసు వాళ్లు నోమికాయ్ అని తాగుడు విందుకు పిలుస్తున్నారు, ఎలా తప్పించుకోను?" అని పోయినవారం అడిగాను కదా. తప్పించుకోలేదు, వెళ్లొచ్చాను.

షింబాషిలో రైలు పట్టాల కింద ఇరుకైన ఇజకాయా, అంటే మందుతో పాటు చిరుతిళ్లు పెట్టే జపాను హోటలు. మీలో ఒకరు చెప్పినట్టే ఊలాంగ్ టీ తెప్పించుకున్నాను. 'కంపాయ్' అన్నప్పుడు గ్లాసెత్తితే చాలు, అందులో ఏముందో ఎవరూ చూడలేదు. పక్కవాళ్ల గ్లాసు నింపడం ఇక్కడ మర్యాద, బాస్‌కి నాలుగుసార్లు బీరు పోశాను.

తిండి దగ్గరే దెబ్బతిన్నాను. చల్లటి టోఫు మీద కూడా ఎండుచేప తురుమే! ఎడమామే, అదే ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, రెండు గిన్నెలు ఒలుచుకు తిన్నాను. బిల్లు మాత్రం సమానంగా పంచారు, అది కాస్త మండింది.

ఆఖరి రైలు పట్టుకుని రూముకొచ్చి, ఒంటిగంటకి ఆవకాయన్నం కలుపుకున్నాను.