చిన్న షాపుల వాళ్లకు టెక్నాలజీ గురించి ఏం చెప్పాలి: అడిగిందా, అడగనిదా?

పాలకొల్లు నుంచి, కంప్యూటర్ సర్వీసు:
మా ఊరి వర్తకులు నెలకోసారి కలుస్తారు. అక్కడ ఒక అరగంట టెక్నాలజీ గురించి చెప్పమని నన్ను అడిగారు. షాపుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం, రిపేర్లు చూడటం నా పని. మొదటి నెల ఏఐ గురించి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు, ఒక్క ప్రశ్న రాలేదు. టీ దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే పెద్దాయన పక్కకు పిలిచారు. "బాబూ, మిషను బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకే మాసిపోతున్నాయి. గ్యారంటీకి వచ్చినవాళ్లు తెల్లకాగితం చూపిస్తున్నారు. ఏం చెయ్యను?" అన్నారు. ఆ కాగితం మీద పడేది సిరా కాదని, దాని పూతే వేడికి నల్లబడుతుందని, అందుకే ఎండ తగిలినా ప్లాస్టిక్ కవర్లో ఉంచినా చెరిగిపోతుందని చెప్పాను. సాఫ్ట్‌వేర్ నుంచే బిల్లును పీడీఎఫ్‌గా కస్టమర్ వాట్సాప్‌కి పంపడం చూపించాను. రెండు నిమిషాల పని. ఈలోగా చుట్టూ పది మంది చేరిపోయారు.

అప్పటినుంచి ఏ షాపుకి వెళ్లినా వాళ్లు అడిగింది ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఒకే ప్రశ్న మూడు షాపుల్లో వినిపిస్తే అదే ఆ నెల పాఠం. నా ఉద్దేశంలో పాఠం కౌంటర్ దగ్గర పుట్టాలి, వార్తల్లోంచి కాదు. మీరేమంటారు?

భీమవరం నుంచి, రొయ్యల మేత షాపు:
నేను ఒప్పుకోనండి. తెలిసినదాని గురించే ఎవరైనా అడుగుతారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు, అంటే వైరస్‌ల నుంచి కాపాడే అప్‌డేట్లు, ఆపేసింది. మీ నోటుబుక్కులో ఆ ప్రశ్న ఉందా? మా వీధిలో బిల్లులు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు అన్నీ ఇంకా ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి. స్క్రీన్ వెలుగుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. బీపీ ఉన్నవాడు నొప్పి అంటూ రాడు కదా, చూసి చెప్పాల్సింది మీరే. ఏఐనీ తీసిపారేయకండి. మేత కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయాలంటే మా నాన్నగారు ఇప్పుడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడి రాయించుకుంటున్నారు. నేను చూపించకపోతే ఆయన ఎప్పటికీ అడిగేవారు కాదు.

తణుకు నుంచి, కిరాణా:
విషయం ఒక్కటే కాదు, సమయం కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. సబ్బులు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5కి వచ్చాయి. వందల ఐటమ్‌లకు రేటు ఎలా మార్చాలో తెలియక ఆ వారమంతా టెన్షన్. ముందు ఆదివారం ఎవరైనా కూర్చోబెట్టి చూపించి ఉంటే దండం పెట్టేవాణ్ణి. నెల తర్వాత చెబితే నాకెందుకు?

ఆత్రేయపురం నుంచి, పూతరేకులు:
మా పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చింది. ఆ ఊపులో ఒకరు వచ్చి డిజిటల్ మార్కెటింగ్ అని రెండు గంటలు చెప్పారు. మా కష్టం అది కాదండి. సంక్రాంతి రద్దీలో ఒకతను డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ చూపించి పన్నెండు బాక్సులు పట్టుకెళ్లాడు. రాత్రి చూస్తే ఖాతాలో పైసా పడలేదు. బాక్సులు ఇచ్చిన అమ్మాయిని తప్పు పట్టలేను. బ్యాంకు మెసేజ్ వచ్చే ఫోన్ మా ఆయన దగ్గర, ఆయన రాజమండ్రిలో. ఆ పిల్ల దేన్ని చూసి నమ్మాలి? ఇప్పుడు కౌంటర్ మీద, ఖాతాలో డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ పెట్టాం. అది పలికితేనే సరుకు కదులుతుంది. ఫోన్ ఎవరి చేతిలో ఉంది, కౌంటర్లో ఎవరున్నారు అన్నది ఆ రెండు గంటల్లో ఒక్కసారైనా రాలేదు.

పాలకొల్లు నుంచి, కంప్యూటర్ సర్వీసు:
భీమవరం వారూ, నోటుబుక్కు తిరగేశాను. విండోస్ 10 సంగతి ఎవరూ అడగలేదు, మీ మాట నిజం. ఇంకొకటి గుర్తొచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఒక కంప్యూటర్ లోపలంతా నీళ్లు. మూడేళ్ల అప్పుల పద్దు అందులోనే ఉంది. బ్యాకప్ తీసుకున్నారు, కానీ ఆ పెన్‌డ్రైవ్ కూడా దానికే గుచ్చి ఉంది. ఎవరు ఎంత ఇవ్వాలో ఆయన గుర్తున్నంత వరకు కాగితం మీద రాసుకుంటుంటే చూడలేకపోయాను. బ్యాకప్ గురించి అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అందుకని నోటుబుక్కులో ఇకనుంచి అడిగినవి ఒక పక్క, నేను కళ్లారా చూసిన నష్టాలు ఇంకో పక్క రాస్తాను. అయితే ఒక పట్టు మాత్రం వదలను: విన్నవాళ్లు ఆ సాయంత్రం షాపు కట్టేలోపు సొంతంగా చేయగలిగిందే చెబుతాను. మీ నాన్నగారి ఉత్తరం అలాంటిదే, కాబట్టి అది చూపిస్తాను. నేను మొదటి నెల ఇచ్చిన ఉపన్యాసం మాత్రం మళ్లీ ఇవ్వను. వచ్చే నెల అందర్నీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోమన్నాను. కాపీ తీసి, ఇంటికి పట్టుకెళ్లడం వరకు పాఠం.

ఆత్రేయపురం అక్కగారూ, స్క్రీన్‌షాట్ సంగతి మీరే వచ్చి చెబుతారా?

ఆత్రేయపురం నుంచి, పూతరేకులు:
వస్తానండి. ధనుర్మాసం రాకముందే పెట్టండి, ఆ తర్వాత కుండ దగ్గర్నుంచి కదలలేం. ఆ అమ్మాయిని కూడా తీసుకొస్తాను.