అప్‌డేట్: ధరల పట్టిక తప్పు అచ్చయిన సంగతి

ఒడిశాలోని రాయగడలో మేము పనిచేసే విత్తనాల దుకాణంలో యజమాని ఒప్పుకున్న ధరల పట్టిక ఒకటి, అచ్చయింది మరొకటి, ఏం చేయాలని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. మీ సలహాలు చాలావరకు పనిచేశాయి.

తప్పు ప్రెస్సుది కాదు, నాదే. కంప్యూటర్ తెరిచి చూస్తే ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని మూడు ఫైళ్లు! ఒడియాలోకి మార్చే ఆయనకు వెళ్లింది మధ్యది.

ఇప్పుడు గూగుల్ డాక్స్‌లో ఒక్కటే ఫైలు. దిద్దే అధికారం నాకు మాత్రమే. మిగతావారికి కామెంట్ అనుమతి ఇచ్చాను కాబట్టి సూచనలు పెడతారు తప్ప అసలు పాఠాన్ని నేరుగా మార్చలేరు. ఖరారైన ప్రతికి వెర్షన్ హిస్టరీలో (ఫైలు పాత రూపాలు భద్రంగా ఉండే చోటు) తేదీతో పేరు పెడుతున్నాను. తెలుగు ప్రతి ఆమోదం పొందాకే ఒడియా అనువాదం మొదలవుతుంది.

మా యజమాని మాత్రం తెర మీద చూడనంటే చూడనన్నారు. “కాగితం తీసుకురావయ్యా, సంతకం పెడతాను” అంటారు. సరే, ప్రింటు మీద సంతకం చేయించి, స్కాన్ చేసి, ప్రెస్సుకు పంపే పీడీఎఫ్ పక్కనే దాస్తున్నాను.

ఒడియా ప్రతిలోనూ ధరలను 1, 2, 3 అంకెల్లోనే వేయమన్నాను. ఒడియా అంకెలు నాకు గబుక్కున చదవడం రాదు. నిన్నటి ప్రూఫులో (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిలో) వేరుశనగ ధర తేడా అలాగే దొరికింది.