ఎక్స్‌ఛేంజ్ 2019: 410 జీబీ మెయిల్ డేటాబేస్‌కి నెలనెలా ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ చేయాలా?

చిత్తూరు ఆఫీస్ ఐటీ:

మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఎగుమతి చేసే కంపెనీ. ఒకటే ఎక్స్‌ఛేంజ్ 2019 (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్, డీఏజీ (డేటాబేస్ కాపీలు ఉంచుకునే సర్వర్ల గుంపు) లేదు. 90 మెయిల్‌బాక్సులూ ఒకే డేటాబేస్‌లో ఉన్నాయి. మెయిళ్లన్నీ ఉండే ఈడీబీ ఫైలు 410 జీబీ, అది 600 జీబీ డి డ్రైవ్‌లో ఉంది. లాగులు (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ రాసుకునే ఫైళ్లు) 150 జీబీ సైజున్న ఇ డ్రైవ్‌లో. తోతాపురి సీజన్ అయిపోయింది, షిప్పింగ్ పేపర్ల స్కాన్లు, ల్యాబ్ రిపోర్టుల మెయిళ్లు తగ్గాయి. మెయింటెనెన్స్ ఏదైనా చేయాలంటే ఇదే అదను.

పాత అడ్మిన్ రాసిపెట్టిన పద్ధతి ప్రకారం నెలకో ఆదివారం డేటాబేస్ డిస్‌మౌంట్ చేసి (అంటే దించి), ఈఎస్‌ఈయూటిల్ /డి (ఖాళీ చోటు వదిలేసి ఫైలుని కొత్తగా రాసే ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ కమాండ్) నడిపి, మళ్లీ మౌంట్ చేయాలి. ఇప్పుడు డి డ్రైవ్‌లో దానికి చాలినంత చోటు లేదు. మానేసినవాళ్ల మెయిల్‌బాక్సులు పోయిన వారం తీసేశాం, అన్నీ కలిపి 120 జీబీ దాకా ఉంటాయి. ఫైలు ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు. గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్ -స్టేటస్ కొట్టి అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్ (ఫైలు లోపలి ఖాళీ చోటు) చూస్తే 18 జీబీ అనే చూపిస్తోంది. ఆదివారాలు లైన్ పనులని కరెంటు తీసేస్తుంటారు, మా యూపీఎస్ 40 నిమిషాలకు మించి ఆగదు. ఎలా చేయమంటారు?

తిరుపతి సిస్టమ్స్:

ముందు ఆ నెలవారీ /డి ఆపేయండన్నా. ఎక్స్‌ఛేంజ్ 2003 రోజుల్లో చాలా ఆఫీసుల్లో అలా అలవాటు పడ్డారు, అదే కాగితం చేతులు మారుతూ వచ్చింది. ఎక్స్‌ఛేంజ్ 2010 నుంచి ఆన్‌లైన్ డీఫ్రాగ్ రోజంతా వెనకాల నడుస్తూనే ఉంటుంది. పేజీలు, అంటే డేటాబేస్ లోపలి ముక్కలు, పాడయ్యాయేమో చూసే చెక్‌సమ్ పరీక్ష కూడా అంతే, మీరు ఆపితే తప్ప ఆగదు.

మెయిళ్లు తీసేస్తే ఫైలు తగ్గదు. లోపల 32 కేబీ పేజీలు ఖాళీ అవుతాయి, అంతే. యాత్రికులు గదులు ఖాళీ చేసినంత మాత్రాన సత్రం చిన్నదైపోదు కదా, ఆ గదులే తర్వాత వచ్చేవాళ్లకి ఇస్తారు. వచ్చే సీజన్ మెయిళ్లు ముందు ఆ ఖాళీ పేజీల్లోకే వెళ్తాయి, అవి నిండేదాకా ఫైలు పెద్దగా పెరగదు.

120 జీబీ తీసేస్తే 18 మాత్రమే ఎందుకు కనబడుతోందంటే, తీసేసిన మెయిల్‌బాక్సుని డేటాబేస్ మామూలుగా 30 రోజులు దాచి ఉంచుతుంది. విడి మెయిళ్లయితే 14 రోజులు. మీరు తీసింది పోయిన వారమే కాబట్టి ఇంకో మూడు వారాలు పైగా ఆగి అదే కమాండ్ మళ్లీ కొట్టండి. అప్పటికీ పెరగకపోతే ఆ గడువులు ఎవరైనా పెంచారేమో, ఏదైనా మెయిల్‌బాక్స్ మీద లిటిగేషన్ హోల్డ్ (కోర్టు పనుల కోసం మెయిళ్లు చెరగకుండా ఆపే సెట్టింగ్) ఉందేమో చూడండి. హోల్డ్ ఉన్న మెయిల్‌బాక్స్‌లో తీసేసిన మెయిళ్ల చోటు ఆ హోల్డ్ ఉన్నంతకాలం రాదు.

లెక్క కూడా వేసుకోండి. గడువు అయ్యాక అసలు డేటా 270 జీబీ చిల్లర మిగులుతుంది. /డి కొత్త ఫైలు రాసుకోవడానికి దాని మీద 10 శాతం ఎక్కువ, అంటే 300 జీబీ ఖాళీ కావాలి. మీ డి డ్రైవ్‌లో ఉన్నది 190. /టి స్విచ్‌తో తాత్కాలిక ఫైలుని వేరే డ్రైవ్‌లో పెట్టవచ్చు, కానీ పని అయ్యాక అంత పెద్ద ఫైలు మళ్లీ డి డ్రైవ్‌కి కాపీ కావాలి. ఆ కాపీ మధ్యలో కరెంటు పోవడం చాలా ప్రమాదం. 40 నిమిషాల యూపీఎస్ పెట్టుకుని దాని జోలికి పోవద్దు. ఇంకోటి, /డి అయ్యాక డేటాబేస్ సిగ్నేచర్ (దాని గుర్తింపు సంఖ్య) మారిపోతుంది. పాత బ్యాకప్ తెచ్చి దానిమీద కొత్త లాగులు ఆడించడం కుదరదు. అందుకే వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాలి. మీ కాగితంలో ఆ మాటే ఉన్నట్టు లేదు.

మెయిల్ అడ్మిన్, రేణిగుంట:

పైన చెప్పినదంతా సరే. ఒకవేళ ఫైలు చిన్నది చేయడం తప్పనిసరి అయితే, అంటే బ్యాకప్ డిస్కు చాలకపోతేనో డ్రైవ్ మార్చాల్సి వస్తేనో, /డి బదులు కొత్త డేటాబేస్ పెట్టి మెయిల్‌బాక్సులు అందులోకి జరపండి. జరుపుతున్నంతసేపూ జనం మెయిల్ వాడుకోవచ్చు, చివర్లో కొద్ది నిమిషాలే ఆటంకం. స్టాండర్డ్ ఎడిషన్‌లో ఐదు డేటాబేసుల దాకా మౌంట్ చేయవచ్చు కాబట్టి లైసెన్స్ గొడవ లేదు.

ఎక్కడ చిక్కుకుంటారో చెప్తాను. కొత్త డేటాబేస్ చేయగానే ఇన్ఫర్మేషన్ స్టోర్ సర్వీస్ రీస్టార్ట్ చేయమని హెచ్చరిక వస్తుంది. అది చేస్తే పాత డేటాబేస్ కూడా కాసేపు దిగిపోతుంది, ఆఫీసు మూశాక చేయండి. తర్వాత కోటాలు. కొత్త డేటాబేస్‌కి డిఫాల్ట్‌గా 1.9 జీబీకి హెచ్చరిక, 2 జీబీకి పంపడం బంద్, 2.3 జీబీకి పంపడం, అందుకోవడం రెండూ బంద్ అని ఉంటుంది. మీ ఎగుమతుల డెస్కు మెయిల్‌బాక్స్ 20 జీబీ ఉంటే మూవ్ రిక్వెస్ట్ కోటా దాటిందని ఫెయిల్ అవుతుంది. పాత డేటాబేస్ కోటాలు, రిటెన్షన్ రోజులు, ఆఫ్‌లైన్ అడ్రస్ బుక్ సెట్టింగ్ ముందే చూసి కొత్తదాంట్లో అలాగే పెట్టండి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ లాగుల నుంచి. జరిపిన డేటా ఎంతో, కొత్త డేటాబేస్ లాగులు కూడా ఇంచుమించు అంతే పడతాయి. ఒక్కో లాగ్ 1 ఎంబీ, అంటే 270 జీబీకి 2.7 లక్షలకు పైగా ఫైళ్లు. మీ ఇ డ్రైవ్ 150 జీబీ. సగం దారిలో నిండిపోతుంది, లాగ్ డ్రైవ్ నిండితే డేటాబేస్ తనంతట తనే డిస్‌మౌంట్ అవుతుంది. రాత్రికి 50, 60 జీబీ చొప్పున జరిపి, తెల్లారేలోపు ఫుల్ బ్యాకప్ తీసి లాగులు ఖాళీ చేసుకుంటూ పోండి. కొంతమంది ఆ కాసేపటికి సర్క్యులర్ లాగింగ్ (పాత లాగుల్ని బ్యాకప్ కోసం ఆగకుండా తీసేసే సెట్టింగ్) పెడతారు. డీఏజీ లేని సర్వర్‌లో అది పెట్టాలన్నా తీయాలన్నా ఆ డేటాబేస్ ఒకసారి దించి ఎక్కించాలి. అది ఉన్నంతసేపు ఏదైనా జరిగితే చివరి బ్యాకప్ దాకానే వెనక్కి తెచ్చుకోగలరు. నాకైతే బ్యాకప్ తీసుకుంటూ మెల్లగా జరపడమే మేలనిపిస్తుంది.

పెద్ద మెయిల్‌బాక్సులకి న్యూ-మూవ్‌రిక్వెస్ట్‌తో పాటు -సస్పెండ్‌వెన్‌రెడీటుకంప్లీట్ ఇవ్వండి. డేటా కాపీ అయిపోయి ఆగి ఉంటుంది. రాత్రి మీరు రెజ్యూమ్ చేసినప్పుడు మాత్రమే చివరి మార్పు జరుగుతుంది.

అందరినీ జరిపాక పాత డేటాబేస్ తీయబోతే ఇంకా మెయిల్‌బాక్సులు ఉన్నాయని అడ్డం పడుతుంది. మామూలు జాబితాలో కనబడని వాటి కోసం గెట్-మెయిల్‌బాక్స్‌కి -ఆర్బిట్రేషన్, -ఆర్కైవ్, -ఆడిట్‌లాగ్, -పబ్లిక్‌ఫోల్డర్ ఒక్కోటి విడివిడిగా ఇచ్చి చూసి అవి కూడా జరపండి. డేటాబేస్ తీసేసినా ఈడీబీ ఫైలు డిస్కు మీద అలాగే ఉంటుంది. దాన్ని చేత్తో తీయాలి. అన్నీ సరిగా ఉన్నాయని తేలేదాకా తీయకండి.

ఒక మాట ఆలోచించండి. 2019కి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని తర్వాతిదైన ఎక్స్‌ఛేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి ఎలాగూ వెళ్లాల్సిందే. కొత్త సర్వర్ కొని వెళ్లే ఆలోచన ఉంటే ఈ జరుపుడు అప్పుడే పెట్టుకోండి. ఒకే పనిని రెండుసార్లు చేయక్కర్లేదు.

స్టోరేజ్ పని:

ఈవెంట్ వ్యూయర్‌లో ఈఎస్‌ఈ (ఎక్స్‌ఛేంజ్ డేటాబేస్ ఇంజిన్) 474 ఉందేమో వారానికోసారి చూడండి. -1018 అని ఉంటే పేజీ చెక్‌సమ్ తప్పింది. తప్పు ఎక్స్‌ఛేంజ్‌ది కాదు, డిస్కు, రైడ్ కంట్రోలర్, మెమరీ వైపు వెతకాలి. డిస్కు అలాగే ఉంచి డేటాబేస్ బాగుచేస్తే మళ్లీ అదే వస్తుంది.

దయచేసి ఎవరి మాటా విని ఈఎస్‌ఈయూటిల్ /పి (రిపేర్ కమాండ్) కొట్టొద్దు. అది చదవలేని పేజీలని పారేస్తుంది, వాటిలో మెయిళ్లు ఉన్నా సరే. డేటాబేస్ మౌంట్ కాకపోతే ముందు /ఎంహెచ్ (ఫైలు స్థితి చూపేది) కొట్టండి. డర్టీ షట్‌డౌన్ (డేటాబేస్ సరిగా మూతపడలేదు) అని ఉంటే, కావాల్సిన లాగులు ఏవో అదే స్క్రీన్‌లో లాగ్ రిక్వైర్డ్ దగ్గర ఉంటాయి. ఆ లాగులుంటే, వాటిని డేటాబేస్ మీద ఆడించే /ఆర్‌తో నష్టం లేకుండా బయటపడతారు. లాగులు లేవు, బ్యాకప్ కూడా లేదు అన్నప్పుడే /పి. అది నడిపిన డేటాబేస్‌ని కూడా అలాగే వాడకూడదు, మెయిల్‌బాక్సులన్నీ వేరేదాంట్లోకి జరిపేయాలి.

చిత్తూరు ఆఫీస్ ఐటీ:

చాలా థాంక్స్ అన్నా. /డి ఆపేస్తున్నాం, 30 రోజులు అయ్యాక స్పేస్ మళ్లీ చూస్తాను. లాగులు అన్నారు కదా అని ఇ డ్రైవ్ చూస్తే 118 జీబీ నిండి ఉంది. విండోస్ సర్వర్ బ్యాకప్ రోజూ సక్సెస్ అనే వస్తోంది. పాత లాగులు చేత్తో తీసేయొచ్చా?

తిరుపతి సిస్టమ్స్:

తీయకండి! సర్వర్ ఇప్పుడు ఆగిపోతే డేటాబేస్ లేపడానికి కావాల్సిన లాగులు అందులోనే ఉండొచ్చు.

బ్యాకప్ సక్సెస్ అని వచ్చి లాగులు తగ్గలేదంటే బ్యాకప్ రకం తప్పుగా ఉండే అవకాశం ఎక్కువ. విండోస్ సర్వర్ బ్యాకప్ మామూలుగా వీఎస్ఎస్ (విండోస్ స్నాప్‌షాట్ సర్వీస్) కాపీ బ్యాకప్ తీస్తుంది, అది లాగుల్ని ముట్టుకోదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వీఎస్ఎస్ ఫుల్ బ్యాకప్ ఎంచుకోండి. డి, ఇ రెండు డ్రైవులూ ఒకే జాబ్‌లో పూర్తిగా ఉండాలి, ఫోల్డర్లు విడిగా టిక్ చేస్తే కుదరదు. నడిపే ముందు వీఎస్ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్ కొట్టి, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ రైటర్ స్టేబుల్, నో ఎర్రర్ అని ఉందో లేదో చూడండి. ఫెయిల్డ్ అని ఉంటే రాత్రిపూట ఇన్ఫర్మేషన్ స్టోర్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

బ్యాకప్ అయ్యాక ఈఎస్‌ఈ 224 వస్తే లాగులు తీసేసినట్టు. 225 వస్తే తీయడానికి ఏవీ లేవని చెప్తోంది. లాస్ట్ ఫుల్ బ్యాకప్ తేదీ కూడా గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్ -స్టేటస్‌లో మారాలి. ఆ తేదీ పాతదిగానో ఖాళీగానో ఉంటే, ఇన్ని రోజులు ఎక్స్‌ఛేంజ్ లెక్కలో మీకు ఫుల్ బ్యాకప్ లేనట్టే. ఇవాళ రాత్రే ముందు ఈ పని చూడండి, మిగతావన్నీ తర్వాత.

యాంటీవైరస్‌లో ఈడీబీ, లాగ్, చెక్‌పాయింట్ ఫోల్డర్లు మినహాయింపులో ఉన్నాయా అని కూడా చూడండి. ఒక్క లాగ్‌ని క్వారంటైన్ చేసినా డేటాబేస్ దిగిపోతుంది.

మెయిల్ అడ్మిన్, రేణిగుంట:

చేత్తో తీయగలిగిన లాగులు కూడా ఉన్నాయి, రెండూ కలపకండి. సి డ్రైవ్‌లో ఎక్స్‌ఛేంజ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ కింద వీ15 లోపల లాగింగ్ అనే ఫోల్డర్, ఇంకా ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) లాగులు. అవి కేవలం రికార్డులే. రెండు వారాలు దాటినవి షెడ్యూల్డ్ టాస్క్‌తో తీసేయొచ్చు. ఈ00తో మొదలయ్యే లాగులు మాత్రం డేటాబేస్‌వి, బ్యాకప్పే వాటిని తీయాలి.

సి డ్రైవ్‌ని తేలిగ్గా తీసుకోకండి. మీరు మార్చకపోతే మెయిల్ క్యూ డేటాబేస్ కూడా అక్కడే ఉంటుంది. చోటు బాగా తగ్గితే సర్వర్ బ్యాక్ ప్రెషర్‌లోకి వెళ్లి బయటి మెయిళ్లు తీసుకోవడం ఆపేస్తుంది. పంపేవాళ్ల వైపు 452 4.3.1 అని వస్తుంది. మీ దగ్గర డేటాబేస్ మౌంట్ అయి శుభ్రంగానే కనబడుతుంది, మెయిళ్లు మాత్రం రావు. ఆ నంబర్ కనబడితే మొదట చూడాల్సింది సి డ్రైవే.