నిలబడి పనిచేసే బల్ల: మోటారుదా, ఉన్న బల్ల మీద పెట్టుకునేదా?

ఇంటి నుంచే పని. రోజంతా కూర్చుంటే నడుము పట్టేస్తోంది, అందుకే నిలబడి పనిచేసే బల్లకు మారాలనుకుంటున్నాను. వాడుతున్నవారి సలహా కావాలి.

ఎత్తు లెక్క తెలుసు: మోచేయి సుమారు 90 డిగ్రీలు వంగాలి, తెర పైఅంచు కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. ల్యాప్‌టాప్‌తో ఈ రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి విడి కీబోర్డు, మౌసు ఎలాగూ కొంటాను.

తేల్చుకోలేనిది బల్ల సంగతే. మోటారుతో పైకి లేచేది కొనాలా, ఉన్న బల్ల మీద పెట్టుకునే స్టాండు చాలా? నేను ఆరడుగుల మనిషిని. బల్ల పూర్తిగా లేచాక టైపు చేస్తుంటే తెర ఊగుతుందేమోనని అనుమానం. కాళ్ల మధ్య అడ్డకమ్మీ ఉంటే నిజంగా తేడా తెలుస్తుందా? స్టాండయితే చవక, కానీ ముంజేతులు ఆనించుకోవడానికి చోటు మిగులుతుందా?

గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్లు వాస్తాయి, సిరలు ఉబ్బే ప్రమాదమూ ఉంది. కాబట్టి రోజంతా నిలబడే వీరత్వం నాకు లేదు. మీరు ఎంతసేపటికొకసారి కూర్చుంటున్నారు? మడమల నొప్పికి మెత్తని మ్యాట్ సరిపోయిందా, ఇంట్లో కూడా బూట్లు వేసుకోవలసి వచ్చిందా?

బల్లెందుకు, రోజూ నడిస్తే చాలదా అనేవారికి ముందే నమస్కారం. నడుస్తూనే ఉన్నాను.