క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును విరగ్గొట్టే బ్యాక్టీరియా ఆ గుణం ఎందుకు పోగొట్టుకుంటోంది?

గుంటూరు మిర్చి చేను మట్టి 10 గ్రాములు, మినిమల్ సాల్ట్స్ మీడియం (లవణాలే తప్ప వేరే కార్బన్ ఆహారం లేని ద్రవం) 100 మి.లీ., లీటరుకు 50 మి.గ్రా. క్లోర్‌పైరిఫాస్. మందు కరిగించిన ఎసిటోన్ పూర్తిగా ఆరాకే మీడియం పోశాం. లేకుంటే బ్యాక్టీరియా మందు వదిలేసి ఎసిటోన్‌నే తింటుంది. 30 డిగ్రీల్లో షేకర్ మీద పెట్టి, వారానికోసారి 5 మి.లీ. కొత్త ఫ్లాస్కులోకి మార్చాం.

నాలుగో మార్పిడి తర్వాత, మందుతో పాలలా తెల్లబడ్డ ప్లేటు మీద ఒక పసుపు కాలనీ చుట్టూ తేట వలయం వచ్చింది, అంటే అక్కడ మందు విరిగిందన్నమాట. దాన్నే మందు లేని న్యూట్రియెంట్ అగార్ (మామూలు పోషకాల ప్లేటు) మీద మూడుసార్లు గీసి, మళ్లీ మందు ప్లేటు మీద పెడితే వలయం మాయం!

ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసే ఓపీడీ జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్‌ఏ) మీదే ఉంటుంది కాబట్టి ప్లాస్మిడే జారిపోయిందని మా అనుమానం. కానీ ట్రాన్స్‌పోజాన్ (చోటు మారే డీఎన్‌ఏ ముక్క) వల్ల జన్యువొక్కటే ఊడిపోయే వీలూ ఉంది. ఓపీడీ జన్యువుకు మాత్రమే పీసీఆర్ చేస్తే ఈ రెండూ విడదీయలేం కదా, ప్లాస్మిడ్ తీసి జెల్ మీద చూడటమే దారా? ఆ పెద్ద ప్లాస్మిడ్ తెగకుండా తీసే పద్ధతి ఏది? దయచేసి చేసినవాళ్లు చెప్పండి.