బాత్రూము ఎగ్జాస్ట్ ఫ్యాను నేనే మార్చుకోవచ్చా, ఎలక్ట్రీషియన్‌నే పిలవాలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

మాది 1997లో కట్టిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. బాత్రూము వెంటిలేటర్‌లో అప్పటి నుంచీ ఉన్న ఇనుప ఎగ్జాస్ట్ ఫ్యాను రెండు నెలలుగా మొరాయిస్తోంది. స్విచ్ వేస్తే గుయ్యిమంటుంది గానీ తిరగదు. ఆవిరి బయటికి పోక పైకప్పు మూలన నల్లగా బూజు పట్టింది, పెయింటు పొరలుగా రాలుతోంది. అమ్మకు ఆయాసం ఉంది. స్నానం చేసి బయటికి రాగానే దగ్గు అందుకుంటుంది. అందుకే ఇక ఆలస్యం చేయదలచుకోలేదు.

మా వీధి ఎలక్ట్రీషియన్ 600 రూపాయలు కూలి అడిగాడు, అదీ వచ్చే వారం వస్తానన్నాడు. ఇంట్లో స్విచ్‌లు, సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ నేనే మార్చాను. ఎగ్జాస్ట్ ఫ్యానుకూ రెండు తీగలే కదా అనిపిస్తోంది. కానీ అది తడి ఉండే చోటు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

నేను ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీరు స్విచ్‌లు మార్చినవారు కాబట్టి ఫ్యాను బిగించడం మీకు కష్టం కాదు. నేను అడిగేది ఆ ఫ్యాను వెనక ఉన్న తీగ గురించి.

ముందు కరెంటు తీసేసి రెక్కను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే బహుశా మోటారు తిరగడానికి తోడ్పడే కండెన్సర్ పోయి ఉంటుంది, ఫ్యానుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. పట్టేసినట్టు తిరిగితే ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది. తిరగకుండా గుయ్యిమనే మోటారు వేడెక్కిపోతుంది, అందుకని ఈలోగా స్విచ్ వేయకండి.

ఇక ముఖ్యమైన మాట. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ అందుకుంటుంది. లైట్లు, ఫ్యాన్ల లైను దాని మీదే ఉంటుంది కాబట్టి మీరు పట్టుకున్న తీగలో మళ్లీ 230 వోల్టులు ఉంటాయి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో మెయిన్ దించకముందే కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి తేల్చుకోవాలి. వెలగని టెస్టర్‌ను నమ్మి దెబ్బ తిన్నవాళ్లను నేను చూశాను.

ఇంకొక పరీక్ష చేయండి. మెయిన్ ఉంచి, ఫ్యాను స్విచ్ మాత్రం ఆపి, ఫ్యాను దగ్గరి కనెక్టర్ మరలకు టెస్టర్ మొన ఆనించండి. రెండు మరల దగ్గరా టెస్టర్ వెలిగితే మీ స్విచ్‌కు ఫేజు (కరెంటు తెచ్చే తీగ) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కలిపారన్నమాట. స్విచ్ ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. పాత ఇళ్లలో ఈ తప్పు చాలాసార్లు చూశాను. అలా ఉన్నా, ఇనుప ఫ్యానుకు ఎర్తు తీగ లేకపోయినా మీరు చేయి పెట్టకండి, మనిషిని పిలవండి. నేల పూర్తిగా ఆరాకే ఏ పనైనా మొదలుపెట్టండి.

జవాబు (గుంటూరు నుంచి)

చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. వైరింగు పనులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. అయితే ఫ్యాన్లు, స్విచ్‌లు, ఫ్యూజుల వంటివి ఉన్నవాటి స్థానంలోనే మార్చుకోవడానికి 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే మినహాయింపు ఇచ్చారు, 2010లో వచ్చిన నిబంధనల్లోనూ దాన్ని ఉంచారు. కొత్త తీగ లాగడం అందులోకి రాదు.

జవాబు (హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి)

నేను పోయినేడాది మా ఇంట్లో నేనే మార్చానండి. కరెంటు పని అరగంటే పట్టింది, కొలతలు మాత్రం రెండు రోజులు తిప్పాయి. పెట్టె మీద 6 అంగుళాలు, 8 అంగుళాలు అని ఉండేది రెక్కల కొలత. గోడలో కావలసిన రంధ్రం అంతకంటే పెద్దది. ఆ సంగతి తెలియక 8 అంగుళాల రంధ్రానికి 8 అంగుళాల ఫ్యాను కొని తెచ్చి, మళ్లీ దుకాణానికి వెళ్లి మార్చుకున్నాను. రంధ్రాన్ని అడ్డంగా, నిలువుగా, లోతుగా కొలిచి, ఆ కాగితం చేత్తో పట్టుకుని వెళ్లండి.

ఇంకొకటి. మీ పాత ఫ్యాను మరలు బయటి వైపు ఉన్నాయేమో ముందే చూడండి. మూడో అంతస్తు వెంటిలేటర్ నుంచి ఒళ్లు బయటికి వంచి ఎట్టి పరిస్థితిలోనూ మర విప్పవద్దు. మాకు ఫ్యాను వెనక పావురాల గూడు కూడా ఉంది. మాస్కు కట్టుకుని, తడిపి తీశాను. అమ్మగారికి ఆయాసం అంటున్నారు కాబట్టి ఆ రెట్ట దుమ్ము ఇంట్లోకి రేగకుండా చూసుకోండి, ఆ పూట ఆవిడను వేరే గదిలో ఉంచండి.

ప్రశ్న అడిగినవారు, తొమ్మిది రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

శనివారం ఉదయం మెయిన్ దించాను. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది! విశాఖ పెద్దాయన మాట చదివి ఉండకపోతే ఇన్వర్టర్ సంగతి నాకు తట్టేదే కాదు. దాన్ని కూడా ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే స్టూలెక్కాను. మరలు అదృష్టవశాత్తూ లోపలి వైపే ఉన్నాయి. కనెక్టర్ మీది టేపు ఊడదీయగానే నల్ల తీగ మీది తొడుగు పాత అప్పడంలా పెళుసుగా విరిగి, వేళ్ల మధ్య పొడయింది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉన్నవి రెండు తీగలే, ఎర్తు అసలు లేదు. అక్కడితో ఆపేశాను. బయటపడిన తీగల చివరలకు విడివిడిగా టేపు చుట్టి, స్విచ్ మీద కాగితం అంటించి, మనిషి కోసం ఆగాను.

సోమవారం సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు నుంచి వెంటిలేటర్ దాకా ఎర్తుతో సహా మూడు తీగలు కొత్తగా లాగాడు. పెద్దాయన అనుమానించినట్టే స్విచ్‌కు న్యూట్రల్ కలిపి ఉంది, దాన్నీ సరిచేశాడు. 900 రూపాయలు తీసుకున్నాడు. ఒక్క రూపాయి కూడా ఎక్కువనిపించలేదు. ఇన్నేళ్లుగా అమ్మ తడి చేత్తో ఆ స్విచ్ ఆపి, అదే గదిలో బూజు దులిపేది.

ఫ్యాను మాత్రం నేనే బిగించాను. ప్లాస్టిక్‌ది, 6 అంగుళాలది. పాత రంధ్రం పెద్దది కావడంతో మిగిలిన చోటును వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్కతో మూశాను.

ఫ్యాను తిరిగింది గానీ ఆవిరి తగ్గలేదు. తలుపు మూసి అగరుబత్తి వెలిగించి చూస్తే, పొగ ఫ్యాను వైపు వెళ్లకుండా గదిలోనే సుడులు తిరుగుతోంది. బొద్దింకలు రాకుండా తలుపు కింద నేనే రబ్బరు పట్టీ కొట్టాను. లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే బయటికి ఏం పోతుంది? పట్టీ తీసేశాను. పొగ గీత గీసినట్టు ఫ్యాను వైపు సాగింది. వచ్చే ఆదివారం బూజు గీకి పెయింటు వేద్దామనుకుంటున్నాను.

జవాబు (విశాఖపట్నం నుంచి)

మంచి పని చేశారు. ఆదివారమే వద్దు. స్నానం అయ్యాక ప్రతిసారీ అరగంట ఫ్యాను వేసి, ఓ రెండు వారాలు పైకప్పును పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద పెయింటు వేస్తే బూజు మళ్లీ పైకి వస్తుంది. గీకే రోజు అమ్మగారిని ఇంట్లో ఉంచకండి.